గ్రేవ్‌డిగ్గాజ్ ‘సిక్స్ ఫీట్ డీప్’: ఆ సమాధి ఎవరిది?

1989లో డి లా సోల్ అనే ర్యాప్ బృందం తన మొదటి ఆల్బమ్‌ను విడుదల చేసింది. దాని పేరు ‘త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్’, అంటే మూడడుగుల ఎత్తు, ఇంకా పెరుగుతూనే ఉంది అని. అట్ట మీద కొట్టొచ్చే పసుపు రంగు, దాని నిండా పూల బొమ్మలు, లోపల చిలిపి సంభాషణలు, పాత రికార్డుల్లోంచి ఏరి తెచ్చిన లెక్కలేనన్ని శబ్దాల ముక్కలు. ఆ ఆల్బమ్‌ను తీర్చిదిద్దిన ప్రొడ్యూసర్ ప్రిన్స్ పాల్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు. ఐదేళ్ల తర్వాత, 1994 ఆగస్టులో, అదే మనిషి గ్రేవ్‌డిగ్గాజ్ అనే బృందంతో తెచ్చిన మరో ఆల్బమ్ పేరు ‘సిక్స్ ఫీట్ డీప్’, ఆరడుగుల లోతు. శవాన్ని పాతిపెట్టే గోతికి అమెరికాలో ఆనవాయితీగా చెప్పే కొలత అది. మూడడుగుల ఎత్తు నుంచి ఆరడుగుల లోతుకు ఆయన ఎలా చేరాడో తెలుసుకుంటే, ‘హారర్‌కోర్’ అని పిలిచే ర్యాప్ శాఖ చుట్టూ అల్లుకున్న అపోహలు చాలావరకు విడిపోతాయని నా నమ్మకం.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. హారర్ సినిమాల్లో కనిపించే రక్తం, శవాలు, పిచ్చివాళ్లు, దయ్యాలు, శ్మశానాలు ర్యాప్ సాహిత్యంలోకి వచ్చినప్పుడు దాన్ని హారర్‌కోర్ అంటున్నారు. ఈ ధోరణి ఒక్క చోట పుట్టింది కాదు. హ్యూస్టన్‌లో గెటో బాయ్స్ మతి చెడిన హంతకుడి నోట పాట పాడించారు, డెట్రాయిట్‌లో ఈషమ్ తన కుర్రతనంలోనే నరకం గురించి రికార్డు చేశాడు, అదే నగరం నుంచి ఇన్సేన్ క్లౌన్ పాసీ ముఖాలకు విదూషకుల రంగులు పూసుకుని 1992లో తొలి ఆల్బమ్ తెచ్చింది. 1990లో గెటో బాయ్స్ ఆల్బమ్‌ను పంపిణీ చేయడానికి గెఫెన్ అనే పెద్ద సంస్థ నిరాకరించిందంటే, ఈ సాహిత్యం అప్పటికే ఎంత కలవరం రేపిందో ఊహించవచ్చు. అయినా వీళ్లందరికీ కలిపి ఒక పేరంటూ స్థిరపడింది 1994 ప్రాంతంలోనే. ఆ ఏడాది న్యూయార్క్ నుంచి గ్రేవ్‌డిగ్గాజ్, ఫ్లాట్‌లైనర్జ్ అనే రెండు బృందాలు కొద్ది కాలం తేడాలో శ్మశాన వేషాలతో రావడంతో, పత్రికలకు ఒక కొత్త శాఖ పుట్టిందని రాయడానికి వీలు చిక్కింది.

చిక్కు అక్కడే మొదలైంది. శాఖకు పేరు పెట్టగానే అందులోని ప్రతి ఆల్బమ్‌నూ ఒకే తూకపు రాయితో తూచడం అలవాటైపోయింది. ఎంత భయపెట్టింది, ఎంత హద్దు మీరింది అన్నవే కొలతలయ్యాయి. మన అలంకారశాస్త్రం భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు వేర్వేరు రసాలుగా చెప్పింది. మొదటిదానికి స్థాయి భయం, రెండోదానికి జుగుప్స. హారర్‌కోర్‌గా చలామణీ అయ్యేదానిలో ఎక్కువ భాగం నిజానికి బీభత్సమే. శ్రోతకు భయం వేయదు, ఏవగింపు కలుగుతుంది, ఆ ఏవగింపును తట్టుకుని వినడంలో ఒక కుర్రకారు పౌరుషం ఉంటుంది. ‘సిక్స్ ఫీట్ డీప్’లో బీభత్సం దండిగా ఉంది. దాని పక్కన హాస్యం ఉంది. వీటన్నిటి అడుగున, శ్రద్ధగా వింటేనే దొరికే శోకం ఉంది. ఆ శోకం ఎక్కడిదో తెలియాలంటే నలుగురు మనుషుల గురించి చెప్పుకోవాలి.

మొదటివాడు ప్రిన్స్ పాల్. లాంగ్ ఐలండ్‌లోని అమిటీవిల్‌లో పెరిగాడు. 1980లలో వాయిద్యకారులతో కలిసి ర్యాప్ చేసిన బృందంగా పేరు పొందిన స్టెట్ససోనిక్‌లో డీజేగా పనిచేశాడు, తర్వాత డి లా సోల్‌తో ఖ్యాతి వచ్చింది. కానీ ఆ ఖ్యాతి నిలకడగా సాగలేదు. డి లా సోల్ మొదటి ఆల్బమ్‌లో పాత పాట ముక్కను అనుమతి లేకుండా వాడారని టర్టిల్స్ అనే పాత పాప్ బృందానికి చెందినవారు కోర్టుకు వెళ్లారు. 1991లో వచ్చిన డి లా సోల్ రెండో ఆల్బమ్‌కు ‘డి లా సోల్ ఈజ్ డెడ్’ అని పేరు పెట్టారు. దాని అట్ట మీద పూలకుండీ పగిలి పడి ఉంటుంది. చావు అనే ఊహ ప్రిన్స్ పాల్ పనిలోకి గ్రేవ్‌డిగ్గాజ్‌తో రాలేదని, అంతకు మూడేళ్ల ముందే ఆ పగిలిన కుండీతో వచ్చేసిందని గమనించాలి. డెఫ్ జామ్ అనే ర్యాప్ రికార్డు కంపెనీ అండతో ఆయన మొదలుపెట్టిన సొంత లేబుల్, అంటే చిన్న రికార్డు సంస్థ, కూడా నిలదొక్కుకోకుండానే మూతపడింది.

రెండోవాడు ఫ్రుక్వాన్, స్టెట్ససోనిక్‌లో ప్రిన్స్ పాల్ సహచరుడు. మూడోవాడు పొయెటిక్, ట్రినిడాడ్ మూలాలున్నవాడు, లాంగ్ ఐలండ్‌లోని వయండాంచ్ నుంచి వచ్చాడు. 1989లో ‘టూ పొయెటిక్’ అనే పేరుతో ఒక సింగిల్ (విడిగా విడుదల చేసే పాట) వచ్చాక ఆల్బమ్ మాత్రం వెలుగు చూడలేదు. ఆ తర్వాత కొంతకాలం ఆయనకు ఉండడానికి ఇల్లు కూడా లేకపోయింది. నాలుగోవాడు రాబర్ట్ డిగ్స్. స్టేటెన్ ఐలండ్ నుంచి వచ్చిన ఈయన 1991లో ‘ప్రిన్స్ రకీమ్’ పేరుతో, ఆడపిల్లల వెంటపడే సరదా కుర్రవాడి వేషంలో ఒక సింగిల్ చేశాడు. అది ఆడలేదు, కంపెనీ ఆయన్ను వదులుకుంది. ఆ తర్వాతే ఆయన తన పేరును రిజ్జాగా మార్చుకున్నాడు. ఈ నలుగురి కథల్లోనూ టామీ బాయ్ అనే ఒకే రికార్డు కంపెనీ పేరు వినిపిస్తుంది. నలుగురూ ఏదో ఒక దశలో దాని గడప తొక్కినవారే, నలుగురూ ఏదో ఒక రకమైన నిరాశతో బయటికి వచ్చినవారే.

1990ల ఆరంభంలో ప్రిన్స్ పాల్ ఈ ముగ్గురినీ తన ఇంటికి పిలిచి పాటలు కట్టడం మొదలుపెట్టినప్పుడు, ఆ గదిలో ఉన్నది నలుగురు ఓడిపోయిన సంగీతకారులు. సంగీత వ్యాపారం దృష్టిలో వాళ్లు చనిపోయినట్టే లెక్క. కాబట్టి వాళ్లు ఆ మాటనే పట్టుకుని చనిపోయినవాళ్లుగానే పాడారు. ప్రిన్స్ పాల్ ‘అండర్‌టేకర్’ అయ్యాడు, అంటే అంత్యక్రియలు జరిపించేవాడు. ఫ్రుక్వాన్ ‘గేట్‌కీపర్’, ద్వారపాలకుడు. పొయెటిక్ ‘గ్రిమ్ రీపర్’, పాశ్చాత్య చిత్రాల్లో నల్ల ముసుగు వేసుకుని కొడవలి పట్టుకుని వచ్చే మృత్యువు. రిజ్జా ‘రిజ్జరెక్టర్’ అని పెట్టుకున్నాడు. చనిపోయినవారిని తిరిగి లేపడం అనే అర్థమున్న ఇంగ్లిష్ మాటలో తన పేరును ఇరికించి చేసిన పదం అది. నాలుగు వేషాల్లో మూడు చావు వైపు చూస్తుంటే ఒకటి మాత్రం లేవడం వైపు చూస్తోందన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

డెమో టేపు పట్టుకుని తిరిగితే చాలా కంపెనీలు కాదన్నాయి. చివరికి గీ స్ట్రీట్ అనే లేబుల్ ఒప్పుకుంది. అయితే ఈ ఎదురుచూపుల మధ్యలో మరొకటి జరిగింది. 1993 నవంబరులో రిజ్జా తన బంధుమిత్రులతో కట్టిన వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ బృందం తొలి ఆల్బమ్ విడుదలై న్యూయార్క్ ర్యాప్ దారినే మార్చేసింది. అందువల్ల 1994 ఆగస్టు 9న గ్రేవ్‌డిగ్గాజ్ ఆల్బమ్ వచ్చే నాటికి రిజ్జా అందరికీ తెలిసిన పెద్ద పేరు. ఈ తారీఖుల క్రమం తెలియనివారు ఇది వూ-టాంగ్ విజయం తర్వాత రిజ్జా సరదాగా చేసిన పక్క పని అనుకుంటారు. ఈ ప్రయత్నానికి బీజం ఆ విజయానికి ముందటి చీకటి రోజుల్లో పడింది. ఆ తేడా తెలిసి వింటే రిజ్జా గొంతులోని తెగింపు వేరుగా వినిపిస్తుంది.

ఆల్బమ్ పేరు విషయంలోనూ ఒక తిరకాసు ఉంది. వాళ్లు మొదట పెట్టిన పేరు వేరు. నల్లజాతివారిని కించపరిచే తిట్టును, చనిపోయాక శరీరం బిగుసుకుపోవడాన్ని సూచించే ‘రిగర్ మోర్టిస్’ అనే వైద్య పదంతో అతికించి చేసిన మాట అది. యూరప్‌లో ఆ పేరుతోనే విడుదలైంది, అమెరికాలో మాత్రం ‘సిక్స్ ఫీట్ డీప్’గా మారింది. మొదటి పేరు వినడానికి కటువుగా ఉన్నా ఆల్బమ్ చెప్పదలచుకున్నదానికి అదే దగ్గరగా ఉంది. నల్లజాతి మనిషి తన దేశంలో బతికుండగానే శవంలా బిగుసుకుపోయాడని అందులోని ఆరోపణ.

ఇప్పుడు బృందం పేరు దగ్గరికి వద్దాం. గ్రేవ్‌డిగ్గాజ్ అంటే సమాధులు తవ్వేవాళ్లు. తెలుగులో ‘గోతులు తవ్వేవాళ్లు’ అంటే అర్థం పూర్తిగా దారి తప్పుతుంది, మనకు ఒకరికి గోతులు తవ్వడమంటే వెనక నుంచి హాని తలపెట్టడం. వీళ్లు తవ్వడం పూడ్చడానికా, పూడిపోయినవాళ్లను బయటికి తీయడానికా అన్నది అసలు ప్రశ్న. దీనికి జవాబు హారర్ సినిమాల్లో దొరకదు, న్యూయార్క్‌లోని హార్లెమ్ వీధుల్లో పుట్టిన ఒక బోధలో దొరుకుతుంది.

నేషన్ ఆఫ్ ఇస్లాం అనే నల్లజాతి మత సంస్థ నుంచి విడివడిన క్లారెన్స్ 13 ఎక్స్ అనే వ్యక్తి 1964లో హార్లెమ్‌లో యువకులకు సొంతంగా బోధించడం మొదలుపెట్టాడు. ఆ అనుయాయులకు ‘ఫైవ్ పర్సెంటర్లు’ అని పేరు. వారి లెక్క ప్రకారం మనుషుల్లో 85 శాతం మంది సత్యం తెలియక కళ్లూ చెవులూ నోరూ మూసుకుపోయి, మానసికంగా చనిపోయి ఉన్నారు. 10 శాతం మందికి సత్యం తెలుసు గానీ దాన్ని దాచి మిగతావారి మీద బతుకుతున్నారు. మిగిలిన 5 శాతం మంది పేదలైన ధర్మబోధకులు, వారి పని చనిపోయిన 85 శాతాన్ని లేపడం. ఈ బోధలో మరణమంటే అజ్ఞానం, పునరుత్థానమంటే జ్ఞానం, సమాధి అంటే మనిషి బుర్ర. న్యూయార్క్ ర్యాప్ భాషలో సగం నానుడులు ఈ బోధ నుంచే వచ్చాయంటే అతిశయోక్తి కాదు. రిజ్జా బాల్యంలోనే దీన్ని నేర్చుకున్నాడు.

ఈ తాళంచెవి చేతిలో పెట్టుకుని పాటల పట్టిక చూస్తే గదులు వాటంతటవే తెరుచుకుంటాయి. ఉపోద్ఘాతం తర్వాత వచ్చే మొదటి పాట పేరు ‘కాన్‌స్టంట్ ఎలివేషన్’, నిరంతరంగా పైకి లేవడం. సమాధి పేరు పెట్టుకున్న ఆల్బమ్ పైకి లేచే మాటతో మొదలవుతోంది. ‘360 క్వశ్చన్స్’ అనే చిన్న ముక్కలోని అంకె పూర్తి వలయాన్ని, అంటే సంపూర్ణ జ్ఞానాన్ని గుర్తు చేస్తుంది. ‘డిఫెక్టివ్ ట్రిప్’లో మత్తుపదార్థాలు తీసుకుని చెడిన అనుభవాలను వంతులవారీగా చెబుతారు. పైకి అది నవ్వు పుట్టించే కథల వరస, లోపల అది మనసు చచ్చిపోయే తీరు గురించిన సాక్ష్యం. అయితే ప్రతి పాటనూ ఈ బోధతోనే విప్పాలని పట్టుబడితే అది కూడా పొరపాటే అవుతుంది. ‘టూ కప్స్ ఆఫ్ బ్లడ్’, ‘బ్యాంగ్ యువర్ హెడ్’ వంటివి చాలావరకు గొంతుల బలప్రదర్శనలే, వాటిలో తత్త్వం వెతికితే దొరికేది కొంచెమే.

ఒక పాటను మాత్రం దగ్గరగా వినాలి. ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్’ ఆల్బమ్ నుంచి వచ్చిన సింగిల్, బహుశా వీళ్లు చేసినవాటిలో అన్నిటికన్నా నిలిచేది. అది న్యాయస్థానంలో మొదలవుతుంది. హత్యానేరం మోపబడినవాళ్లు తమ మతి తమ వశంలో లేదని, ఏదో పూనిందని చెప్పుకుంటారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి తమ బుర్రలో ఏం జరుగుతోందో వాంగ్మూలం ఇస్తారు. రిజ్జా, గ్రిమ్ రీపర్ చరణాలతో పాటు అప్పటికి కొత్తవాళ్లైన కిల్లా ప్రీస్ట్, షబాజ్ చరణాలు కూడా ఉంటాయి. వెనకాల మూలుగులాంటి ఒక గొంతు ముక్క తిరిగి తిరిగి వస్తూనే ఉంటుంది. సాహిత్యం ఎంత ఘోరంగా ఉన్నా చెవికి ముందుగా తగిలేది ఆ మూలుగే, అది ఏడుపులా ఉంటుంది. పాట రూపం వాంగ్మూలం కాబట్టి వినేవాడి స్థానం ప్రేక్షకుడిది కాదు, జూరీ సభ్యుడిది. నేరస్థుడా, రోగా, లేక ఈ మనిషిని ఇలా చేసినవాళ్లు వేరే ఉన్నారా అని తేల్చాల్సిన పని మన మీద పడుతుంది. నల్లజాతి యువకులు పెద్ద సంఖ్యలో కోర్టుల ముందు నిలబడుతున్న 1990ల అమెరికాలో ఈ వేదికను ఎంచుకోవడం యాదృచ్ఛికమని నేను అనుకోను.

ఆ మూలుగు అంత బలంగా తగలడానికి చుట్టూ ఖాళీ ఉండడం ఒక కారణం. ఈ ఖాళీకి ఒక చరిత్ర ఉంది. డి లా సోల్ తొలి ఆల్బమ్ కాలంలో ఒక్కో పాటలో అనేక పాత రికార్డుల ముక్కలను కుప్పపోసేవారు. 1991 డిసెంబరులో బిజ్ మార్కీ అనే ర్యాపర్ కేసులో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు తీర్పు ఇస్తూ, అనుమతి లేని శాంపిల్‌ను, అంటే అరువు తెచ్చుకున్న పాత పాట ముక్కను, నేరుగా దొంగతనమే అంది. అప్పటి నుంచి ప్రతి ముక్కకూ డబ్బు కట్టి అనుమతి తీసుకోవడం తప్పనిసరైంది, ఒకే పాటలో పది ముక్కలు వాడడం ఖరీదైన విలాసమైంది. ర్యాప్ సంగీతం మొత్తంగా పొదుపు వైపు మళ్లింది. ఒక పియానో ముక్క, ఒక డ్రమ్ము, వాటి మధ్య చీకటి. రిజ్జా ఈ పొదుపునే తన శైలిగా మలచుకున్నవాడు. ప్రిన్స్ పాల్ చేసిన బీట్లలోనూ, రిజ్జా చేసిన కొన్నిటిలోనూ ఈ ఆల్బమ్ అంతటా వినిపించే బొంగురు నిశ్శబ్దం కేవలం దయ్యాల వాతావరణం కోసం తెచ్చింది కాదు, ఆ కాలపు న్యాయ, ఆర్థిక పరిస్థితులు కూడా దాన్ని చెక్కాయి. ప్రిన్స్ పాల్ మాత్రం తన పాత అలవాటును పూర్తిగా వదల్లేదు. పాటల మధ్య చిన్న నాటికల్లాంటి స్కిట్లు పెట్టే పద్ధతిని ర్యాప్ ఆల్బమ్‌లకు అలవాటు చేసినవాడు ఆయనే. గ్రేవ్‌డిగ్గా అంటే ఏమిటమ్మా అని బిడ్డ అడుగుతున్నట్టుగా పేరు పెట్టిన ముక్క ఒకటి ఈ ఆల్బమ్‌లోనూ ఉంది.

ఇక అన్నిటికన్నా కష్టమైన పాట గురించి. ‘1-800 సూసైడ్’ అనే పేరు అమెరికాలో ఉచితంగా ఫోన్ చేయడానికి వాడే నంబర్ల నుంచి వచ్చింది. అంకెలకు బదులు ఫోను మీటల మీది అక్షరాలతో ఒక మాట కూర్చి నంబరును గుర్తుండేలా ప్రకటించడం అక్కడి వ్యాపార పద్ధతి. ఆ ప్రకటనల గొంతుకను అరువు తెచ్చుకుని, చావాలనుకునేవాళ్లకు సలహాలిచ్చే సేవలా ఈ పాట నటిస్తుంది. వ్యంగ్యం ఎవరి మీదో అర్థమవుతూనే ఉంటుంది. దేన్నైనా అమ్మగలిగే వ్యాపారం మీద, నిరాశలో మునిగిన యువకుడి పట్ల లోకం చూపే నిర్లక్ష్యం మీద. అయినా నా అభిప్రాయం దాచుకోను. ఈ వ్యంగ్యం వినేవాడి మానసిక స్థితి మీద పూర్తిగా ఆధారపడి ఉంది. ఆత్మహత్యలో అయినవాళ్లను పోగొట్టుకున్నవారు ఈ పాటను మధ్యలో ఆపేస్తే వారు దాన్ని అర్థం చేసుకోలేదని అనడానికి ఎవరికీ హక్కు లేదు. 1998లో ఇదే అక్షరాల నంబరుతో అమెరికాలో నిజమైన ఆత్మహత్యల నివారణ సహాయ కేంద్రం మొదలైంది. 2017లో లాజిక్ అనే ర్యాపర్ అప్పటి జాతీయ సహాయ కేంద్రపు నంబరునే పాట పేరుగా పెట్టి, బతకమని చెప్పే పాట చేశాడు. దాని తర్వాత ఆ కేంద్రానికి వచ్చే ఫోన్లు పెరిగాయని పరిశోధకులు తేల్చారు. ఈ రెండు పాటల మధ్య 23 ఏళ్లలో ర్యాప్ ఈ విషయాన్ని పట్టుకునే తీరు ఎంత మారిందో వాటి పేర్లే చెబుతాయి.

అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ ప్రధాన పట్టికలో ఇది 36వ స్థానం దాకా వెళ్లింది. శ్మశాన వేషాలతో వచ్చిన నలుగురు తిరస్కృతులకు అది చిన్న విజయం కాదు. 1995లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌కు చెందిన ట్రికీ అనే సంగీతకారుడితో కలిసి వీళ్లు ‘ది హెల్’ అనే ఈపీ, అంటే కొద్ది పాటల చిన్న రికార్డు, చేశారు. 1997లో రెండో ఆల్బమ్ ‘ది పిక్, ది సికిల్ అండ్ ది షవల్’ వచ్చేసరికి ప్రిన్స్ పాల్, రిజ్జా ఇద్దరి పాత్రా తగ్గింది. అందులో హాస్యం తగ్గింది, బోధ పైకి వచ్చింది. మొదటి ఆల్బమ్‌లో వేషం కింద దాచినదాన్ని రెండోదానిలో బాహాటంగా చెప్పారు. ఆ కారణంగానే నాకు మొదటిదే గొప్పగా అనిపిస్తుంది. నవ్వూ ఏవగింపూ శోకమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండడంలోని ఒత్తిడి రెండోదానిలో లేదు.

బృందం బరువు అప్పటికే పొయెటిక్, ఫ్రుక్వాన్‌ల భుజాల మీద పడింది. 1999లో పొయెటిక్‌కు పెద్దపేగు క్యాన్సర్ ఉన్నట్టు తెలిసింది. ఆయన పాడడం మానలేదు. చికిత్స తీసుకుంటూనే మూడో ఆల్బమ్ ‘నైట్‌మేర్ ఇన్ ఏ-మైనర్’ పనిలో ఉన్నాడు. 2001 జూలైలో కన్నుమూశాడు.

ఇప్పుడు ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్’ వేసుకుని ఆయన చరణం దాకా ఆగి చూడండి. ఆయన గొంతు బొంగురుగా మొదలై, వాక్యం చివరికొచ్చేసరికి ఒక్కసారిగా కీచుమని పైకెగసి విరిగిపోతుంది. ఊపిరి అందనంత వేగంలోనూ ప్రతి అక్షరం విడివిడిగా వినిపిస్తుంది. ఇల్లు లేని రోజుల నుంచి ఇంకా పూర్తిగా తేరుకోని ఒక యువకుడు, మృత్యువు వేషం వేసుకుని, తన వంతు వచ్చిందని మైకు ముందుకు వచ్చి నిలబడ్డాడు.